ఇప్పపువ్వు రొట్టె

మొన్న ఆదివారం పొద్దున మా మనుమరాలు హాస్టల్ నుంచి ఫోను చేసి, నీళ్ళు కాచుకునే కరెంటు కెటిల్లో పెసరపప్పు కిచిడీ వండానని, వార్డెను మెట్లెక్కి వస్తుంటే దాన్ని దుప్పటి కింద దాచి, ఆమె వెళ్ళాక స్నేహితురాళ్ళంతా కలిసి తిన్నామని గొప్పగా చెప్పుకొచ్చింది. ఫొటో కూడా పంపింది. కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే అది కిచిడీలా లేదు, గోడకు పూసే పసుపు రంగు ముద్దలా ఉంది. అయినా చాలా బాగుందే అన్నాను. ఆ మాటకు మురిసిపోయి, మీ రోజుల్లో ఆడపిల్లలకు వంట దానంతటదే వచ్చేది కదా అమ్మమ్మా, మీకు ఈ తిప్పలు ఎక్కడివి అన్నది. ఫోను పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. నా ఈడు వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకూ నవ్వే వస్తుంది, ఎందుకంటే వంట దానంతటదే వచ్చిన ఆడపిల్లను నేనింతవరకు చూడలేదు, ఇక నా సంగతి చెప్పనే అక్కరలేదు.

మాది భూపాలపల్లికి అవతల అడవి అంచున ఉన్న పల్లె. ఇప్పుడంటే బొగ్గు గనులు, చెల్పూరు కరెంటు ప్లాంటు వచ్చి ఆ దారంతా లారీలే గాని, నా చిన్నప్పుడు చీకటిపడితే ఊరి పొలిమేర దాటేవాళ్ళు కాదు. హైస్కూలు చదువుకని నన్ను మానుకోటలో చిన్నమ్మ ఇంట్లో పెట్టారు. మహబూబాబాద్ అని రైలు స్టేషను బోర్డు మీద ఉన్నా, మేమెప్పుడూ మానుకోట అనే అన్నాం. చిన్నమ్మ వాళ్ళ అత్తగారు పొయ్యి దగ్గరికి సొంత కోడలినే రానిచ్చేది కాదు, నన్నేం రానిస్తుంది? ఇంటర్ పాసయ్యేదాకా నేను చేసిన వంటపని ఏదైనా ఉందంటే, అది పండక్కి కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు తాగడమే.

మా అన్న నాకంటే చాలా పెద్ద. వరంగల్లులో డిగ్రీ చదువుతుండగా అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతబడ్డాయి. అన్న ఊరేగింపుల్లో తిరిగి, లాఠీ దెబ్బ తిని, వీపు మీద వాతతో ఇంటికొస్తే, మేము బాపు అని పిలిచే మా నాన్న ఆ వాత చూసి ఇక చదువు చాలన్నాడు. ఆ తర్వాత కాలేజీలు తెరిచినా అన్న మళ్ళీ వెళ్ళలేదు. జనగామలో ఒక ఆఫీసులో చిన్న ఉద్యోగం దొరికితే అందులో కుదురుకున్నాడు. ఆ సగంలో ఆగిన డిగ్రీ మాత్రం ఆయన మనసులో ముల్లులా ఉండిపోయిందని నాకు తెలుసు, ఎందుకంటే నా ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు, నాకంటే ఎక్కువ సంబరపడ్డది ఆయనే.

ఆ సంబరం మీద బాపు నీళ్ళు చల్లాడు. ఆడపిల్లకు ఇంటర్ దాకా చదువు చెప్పించడమే మా చుట్టుపక్కల ఒక వింత. డిగ్రీ మాటెత్తగానే ఆయన మొహం తిప్పుకున్నాడు. అప్పుడు అన్న ఒక ఉపాయం చేశాడు. జనగామలో మెస్సు తిండితో తన కడుపు పాడైందని, వండిపెట్టే దిక్కు లేదని, చెల్లెలిని తనతో పంపిస్తే పగలు కాలేజీకి పోయొచ్చి రెండు పూటలా వండిపెడుతుందని చెప్పాడు. కొడుకు ఎండిపోయి ఉన్న మాట నిజమే కాబట్టి బాపు మెత్తబడ్డాడు, కానీ ఊరికే మెత్తబడలేదు. దసరా లోపల తానొచ్చి చూస్తానని, కొడుకు ఒళ్ళు చేస్తే సరేనని, లేకపోతే పిల్ల పెట్టె సర్దుకుని తన వెంట ఇంటికి రావలసిందేనని తేల్చి చెప్పాడు. అట్లా నా డిగ్రీ చదువంతా నా చేతి వంట మీద ఆధారపడింది. ఆ వంట నాకు రాదన్న సంగతి మా ఇంట్లో అన్నకు తప్ప ఎవరికీ తెలియదు.

జనగామలో మా గది ఒక పెంకుటింటి వెనక భాగం. ముందు భాగంలో ఇల్లుగలామె, భర్త పోయిన ఒక సాయెబుల ఇంటి ఆడమనిషి ఉండేది. ఆమెను మేము ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం. మనసు వెన్న, నోరు మాత్రం మిర్చి. గదిలో సరంజామా ఏమిటంటే, ఒక వత్తుల కిరోసిన్ స్టవ్వు, గంజులని మేమనే రెండు వంటగిన్నెలు, ఒక గరిటె, అమ్మ మూటగట్టి ఇచ్చిన కారం, పసుపు, చింతకాయ తొక్కు. మొదటిరోజు అన్నం గంజి వంచబోయి, మూత జారి, గంజి మొత్తం స్టవ్వు మీదే వంచాను. వత్తులు తడిసి స్టవ్వు చల్లారింది, అన్నం సగం ఉడికి ఆగిపోయింది. దాన్ని పారేయడానికి మనసొప్పక, ఖాలా రోట్లో వేసి రుబ్బి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, నువ్వులు కలిపి, గంజు అడుగున నూనె రాసి సర్వపిండిలాగా ఒత్తి కాల్చాను. బియ్యప్పిండితో చేసేదాన్ని సగం ఉడికిన అన్నంతో చేసిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. అన్న తిన్నాడు. ఇదేమిటని అడగలేదు. అడక్కపోవడంతో నాకు ధైర్యం వచ్చింది, ఆ ధైర్యంతోనే కష్టాలన్నీ మొదలయ్యాయి.

ఎందుకంటే మామూలు వంట రానివాళ్ళకు మామూలుగా వండాలన్న బుద్ధి కూడా ఉండదు. పప్పులో పులుపు చాలలేదని ఒకరోజు జామకాయ వేశాను. వంకాయ కూర అడుగంటితే ఆ మాడువాసన తెలియకుండా అందులో మజ్జిగ పోశాను, అది విరిగి నురగ కట్టింది. పచ్చిపులుసు అంటే పొయ్యి మీద పెట్టకూడనిదని తెలియక బాగా మరిగించి, ఆ తర్వాత అది పచ్చిపులుసు ఎట్లా అవుతుందని నాకే అనుమానమొచ్చి పచ్చి ఉల్లిగడ్డలు ఇంకా ఎక్కువ వేశాను. సీతాఫలాల కాలం వస్తే గుజ్జు తీసి పాలలో వేసి పాయసం కాచాను, గింజలు తియ్యడం మరిచి. అన్న ఆ గింజలను ఒక్కొక్కటే పళ్ళెం అంచున పేర్చుకుంటూ, ఆఫీసు కబుర్లు చెప్తూ తిన్నాడు. ఆయన నోటితో ఏమీ అనేవాడు కాదు గాని నాకు గుర్తులు తెలుసు. చెంబెడు నీళ్ళు తాగి లేచాడంటే ఉప్పు ఎక్కువైనట్టు, మజ్జిగ మళ్ళీ అడిగాడంటే కారం ఎక్కువైనట్టు, బాగా ఆకలిగా ఉందని ముందే చెప్పాడంటే వాకిట్లోకే వాసన వచ్చినట్టు. ఖాలా మాత్రం అంత మర్యాద పాటించేది కాదు. నా కూర రుచి చూసి, తన పిల్లి కూడా వేరే ఇల్లు చూసుకుంటుందని అనేది. అని ఊరుకోకుండా సాయంత్రం వచ్చి బగారన్నానికి పోపు ఎట్లా వెయ్యాలో చూపించేది.

ఇంత చేసినా అన్న ఒళ్ళు చెయ్యలేదు. అది నా తప్పని ఇప్పటికీ ఒప్పుకోను, ఆయన శరీర తత్వమే అంత. కానీ దసరా దగ్గరపడేకొద్దీ నాకు గుబులు పట్టుకుంది. వినాయక చవితికి ఊరికి పోయినప్పుడు బాపు మా అన్న మణికట్టు పట్టుకుని, వేళ్ళతో చుట్టి కొలిచి వదిలేశాడు. ఆ కొలత నాకు నచ్చలేదు. జనగామకు తిరిగొచ్చాక, చదువుతున్న పుస్తకంలో కూడా నాకు బాపు ముఖమే కనిపించేది.

ఆ ప్రయాణంలోనే మా పెద్దమ్మ నాకొక మూట ఇచ్చింది. ఎండబెట్టిన ఇప్పపువ్వు. మా వైపు అడవిలో ఎండాకాలం ఇప్పచెట్ల కింద తెల్లవారకముందే పూలు ఏరి, ఎండబెట్టి, వానాకాలమంతా ఉడకబెట్టుకుని నువ్వులతో కలిపి తినేవాళ్ళు. ఒంటికి బలమని పెద్దమ్మ అన్నది. బలం అన్న మాట నా చెవిన పడగానే అన్న మణికట్టు గుర్తొచ్చింది. ఉత్తగా ఉడకబెట్టి పెడితే నా గొప్పేముంది, రొట్టె చేద్దామనుకున్నాను. మట్టి కుండలో పూలు పోసి, నీళ్ళు పోసి, తియ్యదనం ఇంకా పెరగాలని బెల్లం కూడా దండిగా దంచి వేసి, మూతికి గుడ్డకట్టి, వెచ్చగా ఉంటుందని స్టవ్వు పక్కన మూలకు పెట్టాను. మర్నాడే కాలేజీలో పరీక్షలు మొదలయ్యాయి. కప్ప గుండెకు ఎన్ని గదులో, ఆకుకు ఊపిరి ఎట్లా ఆడుతుందో బట్టీపట్టే గొడవలో కుండను శుభ్రంగా మరిచాను. గదిలో ఏదో వాసన వస్తోందని అన్న ఒకసారి అన్నాడు, పక్క సందులో మురుగు మోరీదేమో అన్నాను.

మా అడవి వైపు వాళ్ళకు చెప్పనక్కరలేదు గాని, తక్కినవాళ్ళ కోసం చెప్తున్నాను. ఇప్పపువ్వు, బెల్లం, నీళ్ళు కలిపి కుండలో మూతకట్టి వెచ్చని చోట పెడితే తయారయ్యేది రొట్టె కాదు. సారా కాచేవాళ్ళు చేసే మొదటి పని సరిగ్గా అదే. నాకా సంగతి తెలియకపోవడానికి కారణముంది. మా చిన్నాయన, అంటే బాపు సొంత తమ్ముడు, సారా పాలై నడివయసు రాకముందే పోయాడు. అప్పటినుంచి మా ఇంట్లో సారా అన్న మాటే ఎత్తేవాళ్ళు కాదు, అది ఎట్లా చేస్తారో నాకు ఎవరు చెప్తారు? ఊళ్ళో ఎవరైనా కాస్తున్నారని తెలిస్తే బాపు స్వయంగా పోయి కుండలు పగలగొట్టేవాడు.

పరీక్షలు అయిపోయిన రోజు మధ్యాహ్నం, హాయిగా ఊపిరి పీల్చుకుని ఇంటికొచ్చేసరికి, ఖాలా అరుగు మీద బాపు కూర్చుని ఉన్నాడు. చెప్పకుండా వచ్చాడు. ఖాలా ఇచ్చిన చాయ్ పక్కన చల్లారిపోయి ఉంది. ఆమె తాళం తీసి గది చూపించిందట, ఆయన లోపలికి పోయి మళ్ళీ వెంటనే బయటికి వచ్చేశాడట. నన్ను చూసి మంచిగున్నవా బిడ్డా అని కూడా అనలేదు. నేను లోపలికి అడుగుపెట్టగానే వాసన ముక్కుకు కొట్టింది. మూలన కుండ మీద కట్టిన గుడ్డ బుగ్గలా ఉబ్బి ఉంది, పక్కల నుంచి నురగ కారి గచ్చు మీద ఎండిపోయింది. అప్పటికీ నాకు అది పాడైందనే అనిపించింది తప్ప ఇంకేమీ తట్టలేదు.

అన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాడు. బాపు లేచి, ముందు నడిచి, గదిలో కుండ దగ్గర నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. పెంచితేనే బాగుండేదని నాకు అనిపించింది.

"ఎప్పటిసంది నడుస్తుంది గిది?" అన్నాడు.

అన్న కుండను చూశాడు, నన్ను చూశాడు. ఒక్క క్షణంలో ఆయనకంతా అర్థమైంది. ఇది చెల్లెలి వంట ప్రయోగమని చెప్తే, రోజూ నీకు పెట్టేది ఇట్లాంటిదేనా అని బాపు అడుగుతాడు, అంతటితో నా చదువు ఆగిపోతుంది. అందుకని తలవంచుకుని, తప్పయింది బాపు అన్నాడు. బీడీ కూడా ముట్టని మనిషి. నా కోసం తాగుబోతు అనిపించుకోవడానికి ఒప్పుకున్నాడు. ఎంత ప్రేమగల లెక్కో అంత తప్పుడు లెక్క అది, ఎందుకంటే తాగే అన్న దగ్గర చెల్లెలిని ఏ తండ్రీ ఉంచడు, పైగా తమ్ముణ్ణి ఆ కుండకే పోగొట్టుకున్న తండ్రి. బాపు ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. కోపం లేదు అందులో. భయముంది.

నేను ఇద్దరి మధ్యకు పోయి నిలబడ్డాను. బాపు ఎదుట అట్లా నిలబడి మాట్లాడటం నాకదే మొదటిసారి.

"గా కుండ నాది బాపు. అన్నకేం తెల్వది. రొట్టె చేద్దామని నేనే నానబెట్టిన."

బాపు నమ్మలేదు. అన్నను కాపాడటానికి చెప్తున్నానని అనుకున్నాడు. ఇప్పపువ్వుల బెల్లమేసి నానబెట్టి రొట్టె చేసెటోళ్ళను నేనింత వయసొచ్చిందాక చూడలే అన్నాడు. నేనూ చూడలేదు నిజానికి. కానీ వెనక్కు తగ్గే దారి లేదు, చేస్తానన్నాను. అయితే నా ముందటనే చెయ్యి అని ఆయన గోడవారగా పీట వేసుకుని కూర్చున్నాడు. గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న ఖాలా, జర సబర్ చెయ్యుండ్రి అన్నా, ఓపిక పట్టుండ్రి, పిల్ల మంచిదే, ఏందో ఒకటి చేస్తది అని నాకు మద్దతు పలికింది. ఏందో ఒకటి అన్న మాట లేకపోతే ఇంకా బాగుండేది.

పూలను చేతులతో గట్టిగా పిండాను. ఆ నీళ్ళు మోరీలో పొయ్యమని బాపు అంటే పారబోశాను. పిప్పిని ఖాలా రోట్లో దంచి, జొన్నపిండి, నువ్వులు, చిటికెడు ఉప్పు వేసి కలిపితే పిండి చేతికి అంటుకుని వదలలేదు. ఖాలా పిడికెడు సోంపు తెచ్చి అడక్కుండానే అందులో వేసింది. గంజు అడుగున నూనె రాసి పిండి ఒత్తి, వేలితో అక్కడక్కడ గుంటలు పెట్టి, నూనె చుక్కలు వేసి మూతపెట్టాను. మొదటి రొట్టె బెల్లం వల్ల మాడి బొగ్గయింది, గదంతా పొగ. తొందరలో రెండోది కాలే గంజులోనే ఒత్తబోయి వేళ్ళు కాల్చుకున్నాను, పిండి ముద్దగా అతుక్కుపోయింది. బాపు కదల్లేదు. అన్న స్టవ్వు వత్తి తగ్గించి నా పక్కన కూర్చున్నాడు. ఖాలా తన వంటింట్లో నుంచి ఇంకో గంజు తెచ్చింది. మంట సన్నగా ఉండటం వల్ల మూడోది మెల్లగా ఉడికింది. మూత సందుల్లోంచి ఆవిరి వచ్చేకొద్దీ ఆ పులిసిన వాసన తగ్గి, కాగిన బెల్లం, నువ్వుల వాసన గదిలో నిండింది. మూత తీస్తే రొట్టె పొంగి ఉంది. అడుగు కొంచెం మాడింది, పైభాగం కొంచెం తడి తడిగా ఉంది, నడుమ మాత్రం బన్ను లాగా మెత్తగా ఉంది. అట్లా పొంగుతుందని నేను కల్లో కూడా అనుకోలేదు.

బాపు ఒక ముక్క తుంచుకుని నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు. ఇంకో ముక్క తుంచుకున్నాడు. అప్పుడు అన్న వైపు తిరిగి, కొడుకుతో మళ్ళీ మామూలుగా మాట్లాడే గొంతుతో, రోజు గిట్లనే పెడుతదా అని అడిగాడు. మా అన్న బాపుతో అబద్ధం చెప్పి అప్పటికే ఒకసారి చిక్కుల్లో పడ్డాడు.

"రోజొక తీరు పెడుతది బాపు," అన్నాడు.

బాపు నవ్వును మీసాల కింద అణచుకోవడం నేను చూశాను. ఆ తర్వాత కుండ వైపు, నా కాలిన వేళ్ళ వైపు, తలుపు పక్కన పేర్చి ఉన్న నా పుస్తకాల వైపు ఒకదాని తర్వాత ఒకటిగా చూసి, ఎవరితోనో పొలం సంగతి మాట్లాడినంత తాపీగా తీర్పు చెప్పాడు.

"దీనికి వంట రాదు. ఇప్పట్ల వచ్చేటట్టు కూడ లేదు. నేర్సుకునేసరికి మూడేండ్లు పడుతది. ఈడనే ఉండనియ్."

డిగ్రీ మూడేళ్ళని బాపుకు బాగా తెలుసు. నేను ఖాలా వీపు వెనక్కు పోయి ఏడ్చాను. ఆమె ఏమైందే అంటూ తన దుపట్టాతో నా ముఖం తుడిచింది. ఆ రాత్రి అన్న పక్కనే పడుకుని, ఎప్పుడో ఆగిపోయిన అన్న చదువు గురించి బాపు మొదటిసారి మాట్లాడాడట. ఏం మాట్లాడాడో అన్న నాకెప్పుడూ చెప్పలేదు. పొద్దున బస్సెక్కుతూ బాపు మిగిలిన రొట్టెను తువ్వాలలో కట్టుకుపోయాడు. ఊళ్ళో మా అవ్వ, అంటే బాపు తల్లి, దాన్ని కొరికి చూసి, కోడెదూడకు పెడితే మంచి బలమని అన్నదట.

మూడేళ్ళలో నిజంగానే నాకు వంట వచ్చింది, డిగ్రీ కూడా వచ్చింది. ఆ తర్వాత టీచరుగా మానుకోట చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాను, ఇల్లు, పిల్లలు, మనుమలు అన్నీ చూశాను. మా మనుమరాలి చదువును ఎవరి కడుపుతోనూ ముడిపెట్టలేదు. ఎవరి మణికట్టూ పట్టుకుని చూసి ఆమె కాలేజీ సంగతి తేల్చరు. ఆ పిల్ల కిచిడీ కుదరకపోతే నవ్వుకుని బయట నుంచి తెప్పించుకుంటుంది. ఆ మార్పు చూసి నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది, పాతకాలమే గొప్పదని అనే మనిషిని కాను.

కానీ ఒకటి మాత్రం చెప్పాలి. ఇప్పుడు చాలామంది వంట మొదటిసారే కుదురుతోంది, ఫోనులో చూసి కొలిచి వేస్తే తప్పిపోవడం తక్కువ. కుదరనిది చెత్తబుట్టలో పడుతుంది, ఎవరూ నొచ్చుకోరు. అన్న పోయి కొన్నేళ్ళయింది. ఇంట్లో ఏ పండుగ వచ్చినా, నా చేతి వంట తినాలని చుట్టాలు కబురు చేసి మరీ వస్తారు. వడ్డిస్తూ వడ్డిస్తూ ఆ పంక్తిలో ఒక మనిషి కోసం నా కళ్ళు వెతుకుతాయి. బాగున్న వంట ఎందరో తిన్నారు. బాగాలేని రోజుల్లో తిన్నది మా అన్న ఒక్కడే.